తాతాజీ పక్కన కూర్చున్నాయన

పెద్దకర్మ ఫ్లెక్సీ కోసం వచ్చేవాళ్ళని నేను మొదట అడిగేది ఫొటో, ఆ తర్వాత పేరు. ఏడుస్తున్నవాళ్ళనైనా అంతే, ఏడవనివాళ్ళనైనా అంతే. నందిగామలో నలభై ఏళ్ళుగా అచ్చుపని చేస్తున్నాను. అప్పట్లో సీసం అక్షరాలు, ఇప్పుడు కంప్యూటరు. అక్షరాలు పెద్దవయ్యాయి, చెప్పే మాటలు తగ్గిపోయాయి. అంతకుమించి తేడా నాకేమీ కనపడలేదు.

పోయిన నెల ఒక ఉదయం జగ్గయ్యపేట నుంచి ఒకావిడ వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, ఫోను నా ముందు పెట్టింది.

"పెద్దకర్మకి ఫ్లెక్సీ వేయాలండి. మా నాన్నగారు."

ఫొటో చూశాను. నల్ల కోటు, నున్నగా దువ్విన జుట్టు, ఏ భావమూ లేని ముఖం. ఒళ్ళో ఎర్ర చొక్కా వేసుకున్న చెక్కబొమ్మ. బొమ్మ మాత్రం నోరంతా తెరిచి నవ్వుతోంది.

"మాస్టారు పోయారా! ఎప్పుడమ్మా?"

"గురువారం. ఎవరెవరికి చెప్పాలో మాకు తెలీలేదండి. ఆయన ఫోన్లో మీ నంబరు 'ప్రెస్సు తమ్ముడు' అని ఉంది. అందుకే మీ దగ్గరికే వచ్చా."

పేరు చెప్పమన్నాను. చెప్పింది. టైపు చేస్తుంటే గుర్తొచ్చింది. పాతికేళ్ళకు పైగా ఆయనకి కరపత్రాలు వేశాను, గోడ పోస్టర్లు వేశాను, స్కూలు వార్షికోత్సవాలకి టికెట్లు వేశాను. ఆ పేరు ఒక్కసారి కూడా అచ్చు వేయలేదు. ఇప్పుడిక్కడా రాయను. ఎందుకో ముందుకెళితే మీకే తెలుస్తుంది.

"ఇంకో మాటండి" అందావిడ. "ఆ బొమ్మని తీసేయండి. ఆయన ఒక్కరే ఉండాలి."

"అది లేకుండా ఎలాగమ్మా?"

"ఉండకూడదంతే."

కూతురు చెప్పింది కదా అని సరేనన్నాను. ఈ వ్యాపారంలో చావింటివాళ్ళతో వాదించకూడదు.

ఆయన మొదటిసారి మా ప్రెస్సుకి వచ్చిన రోజు, ఆయనకంటే ముందు మాట్లాడింది తాతాజీయే. నేను వీపు తిప్పి పని చేసుకుంటున్నాను. "ఏందయ్యా ఇది, ఇక్కడ కుర్చీ లేదా? నాకు కాళ్ళు లాగుతున్నాయ్!" అని ఒక గీర గొంతు వినపడింది. తిరిగి చూస్తే గుమ్మంలో ఒక మనిషి, ఆయన చంకలో చెక్కకాళ్ళ బొమ్మ. మనిషి నోరు మూసుకునే ఉన్నాడు. నేను నిజంగానే స్టూలు జరిపాను. ఆయన బొమ్మని దాని మీద కూర్చోబెట్టి, జేబురుమాలు తీసి ముందు దాని మూతి తుడిచి, అదే రుమాలుతో తర్వాత తన ముఖం తుడుచుకున్నాడు. ఈ క్రమం నాకు తెలిసినంతకాలం తప్పలేదు.

ఆయన మాట్లాడే బొమ్మతో ప్రదర్శనలిచ్చేవాడు. వెంట్రిలాక్విజం అనేది ఆ విద్య పేరు. నోరు తిరగక మా వైపు జనం 'బొమ్మాట' అనేశారు. ఆ ఇంగ్లీషు పేరుకి కడుపుతో మాట్లాడటం అని అర్థమట. "అబద్ధం తమ్ముడూ. కడుపుతో మాట్లాడేది ఆకలొక్కటే. ఇదంతా నాలుక చేసే పని" అనేవాడు.

తాతాజీ మాటల్లో ప, బ, మ ఉండవు. వాటికి పెదాలు కలవాలి, కలిస్తే బండారం బయటపడుతుంది. అందుకే బొమ్మకి ఆ పేరు పెట్టాడు. కొత్త ప్రదర్శనకి మాటలు రాసుకుంటే నా దగ్గరికి తెచ్చేవాడు. మా అక్షరాల పెట్టెలో ఒక్కో అక్షరానికి ఒక్కో గడి ఉండేది. "ఆ మూడు గళ్ళలో చెయ్యి పెట్టకుండా ఇది కూర్చగలవేమో చూడు తమ్ముడూ" అనేవాడు. నేను ఊరికే చెయ్యి ఆడిస్తూ చదువుకుంటూ పోయేవాణ్ణి. చెయ్యి ఎక్కడ ఆ గడి మీదికి పోతే అక్కడ మాట మార్చేవాడు. పని మానుకుని ఇద్దరం అలా గంటలు కూర్చున్న రోజులున్నాయి. మా ఆవిడ లోపలి నుంచి సణిగేది.

"పాపం, వీడు అమ్మా అనలేడు. నాన్నా అంటాడు, తాతా అంటాడు, అక్కా అంటాడు. అదొక్కటే రాదు" అని బొమ్మ తల నిమిరేవాడు. బొమ్మ నా వైపు తిరిగి, "నాకు లేదుగా. నన్ను చెక్కారు" అనేది. ఒకసారి నేను కూడా అద్దం ముందు నిలబడి పెదాలు కదలకుండా 'మామిడిపండు' అనబోయాను. ఆ వచ్చిన కూత ఇక్కడ రాయలేను.

కోటు పై జేబులో చిన్న అద్దం ఉండేది. జగ్గయ్యపేట బస్సులో కిటికీ పక్క కూర్చుని ఆ అద్దంలో పెదాలు చూసుకుంటూ లోలోపల ఏదో అనుకుంటూ ఉండేవాడు. జనం జపం చేసుకుంటున్నాడనుకునేవారు. చిల్లకల్లు దగ్గర ఎక్కిన ఒక ముసలావిడ రెండు చేతులూ జోడించి, పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడే వచ్చిందని చెప్పి ఆయన నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అది ఆయన సొంత నవ్వు. అరుదుగా వచ్చేది.

సొంత ఊళ్ళో రెండు ప్రెస్సులుండగా నందిగామ దాకా ఎందుకు వస్తున్నారని అడిగాను. ఆయనకో లెక్క ఉంది. "బొమ్మ ఫొటో, మనిషి ఫొటో, చిరునామా అన్నీ ఊళ్ళో ప్రెస్సువాడి దగ్గర పడి ఉంటే, వాడు టీ తాగుతూ నలుగురికి చెప్తాడు. వేదిక మీద నన్ను చూడగానే ఫలానా వీధిలో ఉండే ఫలానా ఆయన కదా అనుకుంటారు. ఇంక బొమ్మ వంక ఎవడు చూస్తాడు?"

కరపత్రం మీద పేరు వేయకపోవడానికీ అదే కారణం. అది ఆయనకి గురువు నేర్పిన పద్ధతి. ఆ గురువు ఒక మేజిక్ కంపెనీలో ఊళ్ళు తిరిగినవాడు. మేజిక్‌కి మధ్యలో అరగంట బొమ్మాట ఉండేదట. ఆ రోజుల్లో జట్కాబండికి రెండు పక్కలా గుడ్డ మీద గీసిన బొమ్మలు కట్టి, డప్పు వాయిస్తూ కాయితాలు చల్లుకుంటూ పోయేవారు. తర్వాత రిక్షాలో మైకు వచ్చింది, ఆ తర్వాత ఆటో వచ్చింది. బండి మారినా కాయితం మీద మాట మారలేదు. మాట్లాడే బొమ్మ, పోట్లాడే బొమ్మ, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచే బొమ్మ! ఆడించేవాడి పేరు ఎక్కడా ఉండదు. "కాయితం మీద నీ పేరు వేశావో, చూసేవాడు నీ పెదాల వంక చూస్తాడు. బొమ్మ పేరు వేస్తే బొమ్మ వంక చూస్తాడు" అని గురువు చెప్పాడట. నా శిష్యుడు ఇదొక్కటి మరవకపోతే చాలని కూడా అన్నాడట. శిష్యుడు మరవలేదు.

ఒక వేసవిలో ఆయన నా చేత 'కనబడుట లేదు' అని కాయితం వేయించాడు. కింద తాతాజీ ఫొటో. ఎరుపు రంగు చొక్కా, వయసు తెలియదు, కోపమెక్కువ, ఆచూకీ తెలిసినవారు ఆదివారం సాయంత్రం ఫలానా హాలుకి వచ్చి చెప్పగలరు. నాకు భలే నచ్చింది. మర్నాటికి నందిగామలో సగంమంది వెతకడం మొదలుపెట్టారు. అది బొమ్మ అని సరిగా చూసుకోనివాళ్ళు ఎర్ర చొక్కా పిల్లల్ని ఆపి ఊరూ పేరూ అడిగారు. స్టేషను నుంచి కానిస్టేబులు వచ్చి, కాయితం అడుగున ఉన్న మా ప్రెస్సు పేరు చూపించి, నన్ను ఒక గంట నిలబెట్టాడు. అచ్చేసిన ప్రతి కాయితం అడుగునా 'ముద్రణ' అని ప్రెస్సు పేరు ఉండాలి, అది చట్టం. జనమెవరూ చదవరు, పోలీసులు చదువుతారు. ఆయన వచ్చి బొమ్మని ఎస్సైగారి బల్ల మీద కూర్చోబెట్టాడు. "అయ్యా, నేను దొరికాను. ఈయన్ని ఇంటికి తోలెయ్" అంది తాతాజీ. స్టేషనంతా నవ్వింది. ఆదివారం హాలు చాల్లేదు.

బొమ్మ ప్రతి ఆటలోనూ చివర చెయ్యెత్తి, "నాది గ్యారంటీ!" అనేది. నవ్వకపోతే రేపు తిరిగి రండి, నవ్వు నాది గ్యారంటీ అని దాని అర్థం. ఆ మాటలో కూడా పెదాలు కలవవు, అందుకే ఎంచుకున్నాడు. జగ్గయ్యపేట, నందిగామ చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు దేనికైనా ఒట్టు పెట్టాల్సి వస్తే బొమ్మలాగా చెయ్యెత్తి గీరగా ఆ మాట అనేవారు. పెద్దవాళ్ళూ అనేవారు. నాలుగు ఊళ్ళు నోట పెట్టుకున్న మాట అది.

తర్వాత ఇంటింటికీ టీవీ వచ్చింది. స్కూళ్ళు వార్షికోత్సవాలకి డాన్సులు పెట్టుకున్నాయి. సిమెంటు ఫ్యాక్టరీ కాలనీల క్లబ్బులు పిలవడం మానేశాయి. ఆయన కోటు మోచేతుల దగ్గర మెరవడం మొదలుపెట్టింది. నేనూ సీసం అక్షరాలు తూకానికి అమ్మేసి ఆఫ్‌సెట్ మెషీను తెచ్చుకున్నాను. అక్షరాల పెట్టె మాత్రం ఎందుకో ఉంచేశాను. ఇప్పుడందులో స్క్రూలు వేస్తున్నాను.

పన్నెండేళ్ళ కిందట ఒక మిరప విత్తనాల కంపెనీవాళ్ళు ఆయన్ని పట్టుకున్నారు. ఎక్కడి కంపెనీయో ఎవరికీ తెలియదు, ఆ తర్వాత దాని జాడా లేదు. ఆటో మీద తాతాజీ బొమ్మ గీయించి, పెనుగంచిప్రోలు చుట్టుపక్కల ఊరూరా తిప్పారు. రచ్చబండ దగ్గర పావుగంట నవ్వించి, చివర విత్తనం పొట్లం చేతికిస్తే, తాతాజీ దాన్ని ఎత్తి చూపించి "నాది గ్యారంటీ!" అనాలి. అంతే పని. కాయితాలు నేనే వేశాను. రంగుల్లో, తాతాజీ ముఖం నిండుగా, పక్కన పొట్లం.

"విత్తనం ఎలాంటిదో చూశారా మాస్టారూ?" అని అడిగాను. అడిగానని చెప్పుకోవడానికే అడిగాను.

"నాకేం తెలుసు తమ్ముడూ? నేనేమన్నా రైతునా? చాలా రోజులకి పిలిచారు. జనం కూడా బాగా వస్తున్నారు. నిన్న ఒక ఊళ్ళో ఆడవాళ్ళు అరుగులెక్కి చూశారు, తెలుసా?" అన్నాడు. ముఖం వెలిగిపోతోంది. నేను కాయితాలు కట్టలు కట్టి ఇచ్చాను.

ఆ ఏడు చెట్లు నడుమెత్తు పెరిగాయి, కాయ లేదు. ఆకు పచ్చగా ఉంది, పూత రాలిపోయింది. రైతులు ఆ విత్తనం అమ్మిన ఎరువుల కొట్లకి వెళ్ళారు, ఆఫీసులకి వెళ్ళారు, ఎవరూ మాకు తెలియదంటే మాకు తెలియదన్నారు. కాయితం పట్టుకుని ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి కూడా వచ్చారు. ఎవరో ఆర్డరిచ్చారు, వేశానని చెప్పి పంపేశాను.

మాఘం వెళ్ళాక పెనుగంచిప్రోలు తిరునాళ్ళలో ఆయన ఆట ఉంది. ముందే ఒప్పుకున్నది. ఆ రోజు నేనూ వెళ్ళాను. సాయంత్రం ఇంకా ఎండగానే ఉంది. తాతాజీ ఎప్పటిలాగా ముందు వరసవాళ్ళని ఆటపట్టిస్తోంది. జనం నవ్వుతున్నారు. అప్పుడు ఒకావిడ, ముప్పై ఐదేళ్ళుంటాయేమో, జనంలోంచి నడిచి వచ్చి వేదిక ఎక్కింది. ఆయన వైపు చూడలేదు. బొమ్మ ముందు నిలబడింది.

"ఏంరా తాతాజీ, గ్యారంటీ అన్నావుగా. నీ మాట మీద రెండెకరాలు కౌలుకి పట్టి వేశాం. చెట్టు నా నడుం దాకా వచ్చింది. కాయేదిరా? చెప్పు. మా ఆయన ఊరొదిలి లారీల మీద పనికి పోయాడు. ఏం చెప్పమంటావు ఆయనకి?"

ఇది కూడా ఆటలో భాగమనుకున్నారు. ఘొల్లున నవ్వారు. ఆవిడ కదల్లేదు.

తాతాజీ నోరు తెరుచుకుంది. మూసుకుంది. మళ్ళీ తెరుచుకుంది. గొంతు రాలేదు. ఆయన నుదుటి మీద చెమట నాకు దూరానికి కూడా కనపడింది. చివరికి మాట వచ్చింది. బొమ్మ గొంతు కాదు, నేను బస్సులోనూ ప్రెస్సులోనూ వినే ఆ మెత్తని గొంతు.

"తప్పు నాదేనమ్మా."

"పెదాలు కదిలినయ్!" అని వెనక నుంచి ఎవడో అరిచాడు. "దొరికిపోయాడ్రోయ్!" ఈలలు వేశారు. అన్నేళ్ళలో ఎవరికీ దొరకనివాడు ఆ ఒక్క మాటకి దొరికాడు. నేను నవ్వలేదని రాయాలనుంది. నవ్వాను. అందరూ నవ్వుతుంటే నోటికి అలా వచ్చేసింది. ఆవిడ మాత్రం అప్పుడే మొదటిసారి బొమ్మని వదిలి ఆయన ముఖం వైపు చూసింది. కాసేపు చూసి దిగి వెళ్ళిపోయింది.

వారం తర్వాత ఆయన నా దగ్గరికి వచ్చాడు. బొమ్మ లేకుండా రావడం అదే మొదలు. కుర్చీలో కూర్చున్నాడు కానీ కుడిచెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. అది ఒడికి పైన గాలిలో నిలబడి, బొమ్మ నోరు ఆడిస్తున్నట్టు నాలుగు వేళ్ళూ బొటనవేలూ కలుసుకుంటూ విడిపోతూ ఉన్నాయి. ఆయనకది తెలుస్తున్నట్టు లేదు.

జేబులోంచి కాయితం తీసి ఇచ్చాడు. ఎప్పుడూ పైన శ్రీ రాసి, నాలుగు మూలలా పసుపు అద్ది తెచ్చేవాడు. దీనికి శ్రీ లేదు, పసుపు లేదు. చావు కబురు రాసే కాయితంలా ఉంది. చదివాను.

"ఇది ఎన్ని కాపీలు కావాలంటే అన్ని వెయ్యి తమ్ముడూ. ఊరూరా నేనే తిరిగి పంచుతా. కింద నా పేరు వెయ్యి, చిరునామా వెయ్యి."

"పేరెందుకు మాస్టారూ?"

"ఆవిడ బొమ్మనడిగింది, చూశావా? నన్ను కాదు. నేను పక్కనే ఉన్నా కదా. ఎవరినడగాలో వాళ్ళకి తెలియాలి కదా తమ్ముడూ."

కాయితం కింద మా ప్రెస్సు పేరు కూడా పడుతుంది. పడితే, ఆ రంగుల కాయితం వేసింది కూడా వీడే కదా అని ఎవడో ఒకడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాడు. బిల్లు పుస్తకాలకి నా దగ్గరికొచ్చే ఎరువుల కొట్లవాళ్ళకి కోపం వస్తుంది. ఇదంతా అరనిమిషంలో నా బుర్రలో తిరిగింది. "మెషీను కొంచెం ఇబ్బంది పెడుతోంది, రేపు రండి మాస్టారూ" అన్నాను.

వచ్చాడు. కాయితం స్టాకు లేదన్నాను. ఇంకో రోజు వచ్చాడు. మెషీను ఆ పక్కనే తిరుగుతోంది, కొత్త కాయితం రీములు గోడకి ఆనించి ఉన్నాయి. రేపు రమ్మన్నాను. ఆయన రీముల వంక చూశాడు, మెషీను వంక చూశాడు, నా ముఖం వంక, నా నోటి వంక చూశాడు.

"కుదరదని నీ నోటితో చెప్పెయ్ తమ్ముడూ, వెళ్ళిపోతా."

"అదేం లేదు మాస్టారూ, రేపు..."

"ఈ విద్య నీకెప్పుడు నేర్పాను?" అన్నాడు. కోపంగా అనలేదు. లేచి, అలవాటు కొద్దీ స్టూలు మీద ఎవరో ఉన్నట్టు అటు తిరిగి, రుమాలు తీసి, తన ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. నేనూ జగ్గయ్యపేట వెళ్ళినప్పుడల్లా ఆ వీధి తప్పించుకుని తిరిగాను. పన్నెండేళ్ళు.

కూతురు వచ్చి వెళ్ళాక నేను ఫొటోలోంచి బొమ్మని తీసేశాను. కంప్యూటర్లో ఎంతసేపు? కానీ కుడిచెయ్యి బొమ్మ వీపు లోపల ఉండేది కదా, బొమ్మ పోయేసరికి మణికట్టు దగ్గర ఆగిపోయింది. దాన్ని కూడా కోసేసి, భుజాల దాకా పెద్దది చేశాను. పెదాలు బిగించుకున్న ఒక ముఖం మిగిలింది. కింద ఆ పేరు, అశ్రునివాళి.

పెద్దకర్మ రోజు జగ్గయ్యపేట వెళ్ళాను. వీధి మొదట్లో నేను వేసిన ఫ్లెక్సీ కట్టారు. దాని కింద టీ బండి ఉంది. టీ పోస్తున్నతను పైకి చూసి, "ఎవరండీ ఈయన? ఫ్యాక్టరీలో చేసేవారా?" అని నన్నే అడిగాడు.

"తాతాజీని ఆడించేవారు."

అతను గ్లాసు బండి మీద పెట్టేశాడు. "తాతాజీ పోయాడా! అయ్యయ్యో. చిన్నప్పుడు వాణ్ణి చూడ్డానికి స్కూలెగ్గొట్టి పోయాం కదండీ. బొమ్మేస్తే ఊరంతా వచ్చేది కదా, ఎవరండీ ఈ ఫ్లెక్సీ వేసింది?"

టీ తాగకుండానే ముందుకి నడిచాను.

షామియానా కింద వేసిన కుర్చీలు చాలావరకు ఖాళీగా ఉన్నాయి. బంధువులు ఓ పదిహేనుమంది. వండిన భోజనం మిగిలిపోతోందని వంటాయన గొణుగుతున్నాడు. కూతురు నన్ను లోపలికి పిలిచి మూలనున్న చిన్న గది చూపించింది. కుర్చీలో తాతాజీ ఉంది. ఎర్ర చొక్కా వెలిసిపోయింది. గడ్డం కింద నుంచి నడినెత్తి మీదికి తెల్లగుడ్డ కట్టి ఉంది, పోయినవాళ్ళకి నోరు తెరుచుకోకుండా కడతామే, అలాగ.

"తిరునాళ్ళ నుంచి వచ్చిన రోజు కట్టారండి. మళ్ళీ విప్పలా. రోజూ దుమ్ము తుడిచేవారు, గుడ్డ మాత్రం విప్పనిచ్చేవారు కాదు. మేం పన్నెండేళ్ళు ఇంట్లో శవాన్ని పెట్టుకుని తిన్నామండి. ఆ బొమ్మని తీసెయ్యమన్నానంటే నా తప్పా?"

నీ తప్పు కాదమ్మా అన్నాను. ఆ సంగతి నాకంటే బాగా తెలిసినవాళ్ళెవరూ లేరు.

ఇంటికొచ్చి పాత కవర్లన్నీ దులిపాను. ఆయన కాయితం దొరికింది, పారేయలేదు. చించి పారేసి ఉంటే బతికిపోయేవాణ్ణి. కూర్చుని టైపు చేశాను. ఒక్క అక్షరం మార్చలేదు. చివర ఆయన పేరు. దాని కింద, చట్టం కాబట్టి, 'ముద్రణ' అని మా ప్రెస్సు పేరు, మా ఊరు, చిన్న అక్షరాల్లో. వంద కాపీలు తీశాను. ఆ పేరు ఉండాల్సింది ఆ కాయితం మీద, పన్నెండేళ్ళ కిందట. ఇక్కడ నేను రాస్తే అది నా గొప్ప అవుతుంది.

పెనుగంచిప్రోలు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. తిరునాళ్ళలో తాతాజీని నిలదీసినావిడ ఇల్లు ఎక్కడంటే ఆ ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ చూపించారు. రేకుల ఇల్లు. వాకిట్లో పత్తి గింజలు ఏరుతోంది. జుట్టు సగం తెల్లబడింది. ఆ రోజు తాతాజీని ఆడించినాయన పోయాడని, ఆవిడకి ఇమ్మని ఒక కాయితం రాసి పెట్టాడని చెప్పి చేతికిచ్చాను.

ఆవిడ తిప్పి చూసి నాకే ఇచ్చేసింది. "నాకు చదువు రాదండి. మీరే చదవండి."

ఇది నేను అనుకోలేదు. నిలబడే చదివాను.

"రైతు సోదరులకు, అక్కచెల్లెళ్ళకు. మీ ఊరు వచ్చి, తాతాజీ అనే బొమ్మ చేత మిరప విత్తనానికి గ్యారంటీ చెప్పించినవాణ్ణి నేను. బొమ్మకి గొంతు లేదు. ఆ మాట నాది. విత్తనం సంగతి నాకు ఏమీ తెలియదు. తెలియకుండా చెప్పాను. జనం వచ్చారన్న సంబరంలో చెప్పాను. తప్పు నాది. అడగదలచినవారు బొమ్మని కాదు, నన్ను అడగండి. నేను ఇంట్లోనే ఉంటాను."

పేరు చదివాను, చిరునామా చదివాను. ఆవిడ గింజలు ఏరడం ఆపేసి నా నోటి వంకే చూస్తోంది.

"ఆయనకో పేరుందన్నమాట" అంది. మళ్ళీ గింజల మీద చెయ్యి వేసి, "ఆ రోజే చెప్పాడండి పాపం. ఆ మాట ఆయనొక్కడే అన్నాడు. కంపెనీవాళ్ళు అనలా, కొట్టువాళ్ళు అనలా, కాయితాలు పంచినోళ్ళు అనలా" అంది.

నేను కాయితం వంకే చూస్తూ నిలబడ్డాను.

"అంతేనా? అడుగున ఇంకేదో ఉన్నట్టుందే, చిన్నగా."

"అంతేనమ్మా" అన్నాను.

చావు కబురు కాయితం చదివాక ఎవరూ ఇంట్లో ఉంచుకోరు, చించేస్తారు. ఆవిడ చించలేదు. నా చేతిలోంచి తీసుకుని, మడిచి చూరులో దోపింది. ఎండన పడి వచ్చారు, కూర్చోండి అని లోపలికి వెళ్ళి చెంబుతో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగాను.